వంటయిల్లు గల పాఠశాల

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య భాగమున వెర్మాంట్ అను చిన్న రాష్ట్రము కలదు. అందు షాంప్లేన్ సరస్సు ఒడ్డున బర్లింగ్టన్ అను పట్టణమున్నది. 1859వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన ఆ పట్టణమున జాన్ డ్యూయీ జన్మించెను. తండ్రి ఆర్చిబాల్డ్ పచారీ సరుకుల వర్తకుడు. తల్లి పేరు లూసీనా. ఆ దంపతుల పెద్దకుమారుడు పసితనముననే ఒక ప్రమాదమునకు లోనై మరణించెను. ఆ దుఃఖము ఆరకముందే, అదే సంవత్సరమున పుట్టిన ఈ బిడ్డకు వారు పోయిన బిడ్డ పేరునే పెట్టుకొనిరి.

జాన్ సిగ్గరి, మితభాషి, పుస్తకములనిన ప్రాణము. అయినను ఆ యింట పిల్లలు పుస్తకములతోనే కాలము గడుపుటకు వీలులేదు. జాన్ సాయంకాలములందు ఇంటింటికిని వార్తాపత్రికలు పంచెడివాడు. సరస్సు మీదుగా కెనడా నుండి దిగుమతియగు కలపను లెక్కవేయుటకు పోయి కొంత సొమ్ము గడించెడివాడు. సెలవులలో బంధువుల పొలములకు పోయి అచటి పనిపాటలలో పాల్గొనెడివాడు. అంతకు ఒకటి రెండు తరములకు ముందు ఆ ప్రాంతపు కుటుంబములు తమకు కావలసిన వస్తువులను చాలవరకు తామే సమకూర్చుకొనెడివి. గోధుమలు పండించుట, పిండి పట్టించుట, రొట్టెలు కాల్చుట, గొర్రెల ఉన్ని కత్తిరించి వడకుట, క్రొవ్వు కరిగించి దీపపు వత్తులు పోయుట మున్నగునవి యన్నియు పిల్లల కన్నులయెదుటనే జరిగెడివి. పిల్లలును చేయిసాయము చేసెడివారు. డ్యూయీ బాల్యమునాటికి ఈ పద్ధతి సన్నగిల్లుచుండెను గాని పూర్తిగా మాసిపోలేదు. బడిలో వల్లెవేసిన పాఠములకంటె ఇంటను పొలమునను చేతులార చేసిన పనులే తనకు ఎక్కువ నేర్పినవని ఆయనకు పిమ్మట తోచెను. ఆ తలపే ఆయన జీవితమును నడిపినది.

1879లో వెర్మాంట్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, డ్యూయీ పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఆయిల్ సిటీ అను ఊర ఉన్నత పాఠశాలలో రెండేండ్లు ఉపాధ్యాయుడుగా పనిచేసెను. పిదప స్వరాష్ట్రమున కొలదికాలము బోధించెను. తత్త్వశాస్త్రమును లోతుగా చదువవలెనను కోరిక కలిగెను గాని చేత ధనము లేదు. మేనత్తయో పినతల్లియో యగు బంధువురాలి వద్ద 500 డాలర్లు అప్పు తీసికొని బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరి, 1884లో డాక్టరు పట్టము పొందెను. ఆ యేడే మిచిగన్ విశ్వవిద్యాలయమున ఉద్యోగము లభించెను. అచట ఆలిస్ చిప్మన్ అను విద్యార్థిని పరిచయమయ్యెను. ఆమె తాత అమ్మమ్మల యింట పెరిగినది, ధైర్యశాలిని, అన్యాయమును సహింపనిది. పుస్తకములలోని తత్త్వమును లోకములోని జనుల కష్టసుఖములతో ముడివేయవలెనను పట్టుదల డ్యూయీకి ఆమె వలననే బలపడెనని వారి నెరిగినవారు చెప్పుదురు. 1886లో వారికి వివాహమయ్యెను.

పిల్లలు పుట్టిన పిదప డ్యూయీకి తన యిల్లే ఒక పాఠశాలయైనది. పిల్లలు ఎట్లు చూచుచున్నారు, ఎట్లు ప్రశ్నించుచున్నారు, తప్పుచేసి ఎట్లు దిద్దుకొనుచున్నారు అను సంగతులను ఆయన శ్రద్ధతో గమనించెడివాడు. ఆయన శిష్యుడు మాక్స్ ఈస్ట్‌మన్ ఒక ముచ్చట చెప్పెను. ఒకనాడు డ్యూయీ క్రింది గదిలో వ్రాతలో మునిగియుండగా మెడమీద నీళ్లు కారసాగెను. ఆయన మేడమీదికి పరుగెత్తి చూచుసరికి పెద్దకుమారుడు ఫ్రెడ్ స్నానపు తొట్టిలో పడవలు విడిచి ఆడుకొనుచుండెను. తొట్టి పొంగి గదియంతయు జలమయమయ్యెను. బాలుడు కంగారుపడి కొళాయి కట్టుటకు పెనగులాడుచుండెను. తండ్రి మందలించుటకు నోరు తెరచెను. ఆ పసివాడు తండ్రిని పేరుపెట్టి పిలిచి, వాదము చాలించి నేల తుడుచు గుడ్డ తెమ్మని ఆజ్ఞాపించెను. తండ్రి మారుమాటాడక పోయి గుడ్డ తెచ్చెనట!

1894లో చికాగో విశ్వవిద్యాలయము డ్యూయీని ఆహ్వానించెను. తత్త్వశాస్త్రమునకును మనశ్శాస్త్రమునకును తోడు విద్యాబోధనశాస్త్రము కూడ ఆయన శాఖలో చేరెను. ఆ సంధికాలమున ఆయన కుటుంబముతో ఐరోపా ఖండమునకు వెళ్లెను. 1895లో ఇటలీ దేశపు మిలాన్ నగరమున మారిస్ అను రెండున్నరయేండ్ల కుమారుడు గొంతువాపు జ్వరముతో మరణించెను. ఆ కాలమున ఆ వ్యాధికి పసిబిడ్డలు వేలకొలదిగా బలియగుచుండిరి. ఆ బిడ్డను తలచుకొనినప్పుడెల్ల తల్లిదండ్రులు కృశించిపోయెడివారు. ఇట్టి దుఃఖమును గుండెలలో నుంచుకొనియే ఆ దంపతులు మరునటి యేట ఇతరుల పిల్లలకొరకు ఒక బడి తెరచిరి.

చికాగో అప్పుడు అంతకంతకు పెరుగుచున్న మహానగరము. పొగగొట్టములు, రైలుమార్గములు, మాంసపు కర్మాగారములు, ధాన్యపు గిడ్డంగులు ఎటుచూచినను కానవచ్చెడివి. దేశదేశముల నుండి వచ్చిన కూలిజనము ఇరుకు ఇండ్లలో కాపురముండెను. ఆ నగరమున జేన్ ఆడమ్స్ అను సాధ్వి హల్ హౌస్ అను సేవాసదనమును స్థాపించి పేదలకు అండయై యుండెను. డ్యూయీ ఆమెకు మిత్రుడై ఆ సదనమునకు తరచుగా పోవుచుండెను; పిమ్మట తన చిన్నకూతురికి ఆమె పేరే పెట్టుకొనెను. ఆ నగరపు బాలురకు రొట్టె అంగడిలో దొరకును, బట్ట అంగడిలో దొరకును. రొట్టె వెనుక నున్న రైతు, విత్తు, వాన, మర, నిప్పు వారి కంటబడవు. బర్లింగ్టన్ పిల్లలకు ఇంటిలో అప్రయత్నముగా లభించిన విద్య వీరికి లేకపోయెను. పూర్వపు దినములు తిరిగి రావు. రావలెనని కోరుటయు వ్యర్థము. కావున ఇంటినుండి తొలగిపోయిన ఆ పనులకు పాఠశాలలో చోటు కల్పింపవలెనని డ్యూయీ నిశ్చయించెను.

1896వ సంవత్సరము జనవరి మొదటివారమున, పదిహేను పదహారుగురు పిల్లలతోను ఇద్దరు ఉపాధ్యాయులతోను, ఒక సామాన్యమైన ఇంటిలో ఆ పాఠశాల ప్రారంభమయ్యెను. విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండుటచే దానికి ప్రయోగ పాఠశాల యను పేరు స్థిరపడెను. పిల్లలపై ప్రయోగములు చేయు చోటని దీని యర్థము కాదు. విద్యను గూర్చిన తలపులు నిజమో కాదో పరీక్షించి చూచు చోటని యర్థము.

బడికి కావలసిన బల్లలకొరకు డ్యూయీ నగరమందలి అంగళ్లన్నియు తిరిగెను. ఎచటను ఆయనకు నచ్చినవి దొరకలేదు. తుదకు వివేకియగు ఒక వర్తకుడు చిక్కు ఎక్కడనున్నదో గ్రహించెను. డ్యూయీ కోరునవి పిల్లలు పనిచేసికొనుటకు తగిన బల్లలనియు, తన యంగడిలోనివన్నియు పిల్లలు కూర్చుండి వినుటకు మాత్రమే తగినవనియు అతడు చెప్పెను. ఆ కాలపు విద్యావిధానమంతయు ఆ వర్తకుని మాటలో ఇమిడియున్నదని డ్యూయీ తన యుపన్యాసములలో దీనిని తలచెను. చేతులు కట్టుకొని, వరుసలుగా కూర్చుండి, చెప్పినది విని, అడిగినప్పుడు అప్పగించుట - ఇదియే ఆనాటి చదువు. ఈనాటికిని అది పూర్తిగా పోయినదని ఎవరు చెప్పగలరు?

డ్యూయీ బడిలో వడ్రంగము, కుట్టుపని, నేతపని, వంట ముఖ్యమైన పాఠములు. వడ్రంగము మగపిల్లలకనియు, వంట ఆడపిల్లలకనియు భేదము లేదు. మగపిల్లలు సూది పట్టిరి. ఆడపిల్లలు రంపము పట్టిరి. అందరును గరిటె పట్టిరి. వంటవారిని తయారుచేయుట ఆ బడి లక్ష్యము కాదు. ఒక గోధుమ రొట్టెను తీసికొని చూతము. గోధుమ యెట్టి నేలలో, ఎట్టి శీతోష్ణములలో పండునో తెలిసికొనగోరినచో భూగోళము కావలెను. గింజలో మొలక యెక్కడనున్నది, దానికి ఆహారముగా పిండి యెట్లు నిలువయున్నది అను ప్రశ్న వృక్షశాస్త్రమునకు దారితీయును. పిండిలో నీరు పోసి మర్దించినపుడు జిగట యేర్పడును. అందు కలిపిన పులుపు సూక్ష్మజీవులు చక్కెరను తిని బొగ్గుపులుసు గాలిని విడుచును. ఆ గాలి జిగటలో చిక్కి బుడగలు కట్టుటచే ముద్ద పొంగును. పొయ్యిలో కాల్చినపుడు ఆ పొంగు అట్లే గట్టిపడి రొట్టె మెత్తగా నుండును. ఇదంతయు రసాయనశాస్త్రమే. ఇక మనుష్యుడు తొలుత రాతిపై గింజలు నలిపిన నాటినుండి ఆవిరిమరల వరకు చరిత్ర యున్నది. ఒక రొట్టెకు ఇంత పిండి యైనచో పదుగురికి ఎంతయను లెక్క యున్నది. ఇన్ని శాస్త్రములు కూడియున్న వస్తువును పాఠశాల గడప దాటనీయక, ఆ శాస్త్రముల పేర్లను మాత్రము పిల్లలచే వల్లెవేయించుట డ్యూయీకి వింతగా తోచెను.

ఆ బడిలోని నాలుగైదేండ్ల పిల్లలు ఇంటిలో నిత్యము చూచు పనులతోనే చదువు ప్రారంభించిరి. వంట చేయునపుడు కొలపాత్రలు వారి లెక్కల పుస్తకములు. రెండు పావుగిన్నెలు కలిసిన అరగిన్నె యగుననియు, రెండు అరగిన్నెలు ఒక నిండు గిన్నెయగుననియు వారికి నల్లబల్లపై వ్రాసి చెప్పనక్కరలేకపోయెను. ధాన్యమునకు నీరు ఎన్ని పాళ్లు పోయవలెనో తెలియనిచో జావ పలుచనగును, లేదా అడుగంటును. తప్పు జరిగినచో ఉపాధ్యాయిని కోపింపనక్కరలేదు, నాలుకయే చెప్పును. వండినదానిని వారే బల్లలపై అమర్చి, వారే వడ్డించుకొని, కలిసి భుజించెడివారు. ఒకరికొరకు ఒకరు ఆగుట, ఉన్నదానిని సమముగా పంచుకొనుట, ఎంగిలి పాత్రలు కడిగి యథాస్థానమున పెట్టుట కూడ ఆ పాఠములోని భాగములే.

ఆరేండ్ల పిల్లల పని ఇంకను విశాలమైనది. వారు చెక్కదిమ్మెలతో ఒక వ్యవసాయక్షేత్రమును నిర్మించిరి. ఇల్లు, పశువులకొట్టము, పొలములు, కంచెలు అన్నియు కొలతలు వేసి కట్టిరి. అంతటితో తృప్తిపడక బడి ఆవరణలోనే కొంచెము నేల త్రవ్వి గోధుమలు విత్తిరి. గింజను కంకినుండి వేరుచేయుట, పొట్టు తొలగించుట, నలుగగొట్టి పిండిచేయుట, జల్లించుట మున్నగు పనులను స్వయముగా చేసి చూచిరి. పొలమునుండి మరకును, మరనుండి అంగడికిని, అంగడినుండి ఇంటికిని ధాన్యము పోవు త్రోవను ఆటగా ఆడి తెలిసికొనిరి. గుప్పెడు పిండికొరకు చేతులు నొప్పిపుట్టునట్లు శ్రమించిన పిల్లవానికి రొట్టె విలువను గూర్చి వేరుగా నీతి బోధింపవలసిన పని యేమున్నది?

ప్రత్తిని గూర్చియు వారిట్లే నేర్చిరి. పూర్వులు నూలుబట్టలకు ముందు ఉన్నిబట్టలను ఏల వాడిరి అను ప్రశ్న వచ్చెను. ఉపాధ్యాయులు జవాబు చెప్పలేదు. పిల్లలకు ప్రత్తికాయలను, ఉన్నిని ఇచ్చిరి. అరగంటసేపు వ్రేళ్లతో గింజలు తీసినను ఒక ఔన్సు దూదియైనను రాలేదు. ఒక మనిషి దినమంతయు కష్టపడినను చేతితో ఒక పౌను దూది మాత్రమే తీయగలడని వారే లెక్కకట్టిరి. ఉన్నికి ఆ బాధ లేదు. ప్రశ్నకు జవాబు వారి చేతులలోనే దొరకెను. గింజలు తీయు యంత్రము వచ్చిన పిదప లోకమెట్లు మారెనో వారికి అర్థమగుటకు ఇక దీర్ఘోపన్యాసము అక్కరలేదు.

కొంచెము పెద్దపిల్లల వంటపాఠములో జరిగిన ఒక సంగతిని డ్యూయీ వర్ణించెను. వారు ఆహారపదార్థములను ఒక్కొక్కటిగా పరీక్షించుచు, వేడి తగిలినపుడు ఏది యెట్లు మారునో కనుగొనుచుండిరి. ఒక పిల్లవానికి విసుగు పుట్టెను. ఇంత శ్రమ యేల, వంటల పుస్తకము తెచ్చి అందులో వ్రాసినట్లు చేసిన సరిపోదా యని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. ఉపాధ్యాయిని గద్దింపలేదు. ఆ పుస్తకములోని విధానము మొట్టమొదట ఎక్కడనుండి వచ్చినదని పిల్లలందరిని తిరిగి యడిగెను. కొంతసేపు చర్చ జరిగెను. పుస్తకము చెప్పినట్లు చేసినచో వంట కుదురవచ్చును గాని, ఏది యెందుకు చేయుచున్నామో తెలియదని పిల్లలే గ్రహించిరి. పిదప మరల పనిలో ప్రవేశించి కోడిగ్రుడ్డు తెల్లసొనను పరీక్షింపసాగిరి. నీరు వెచ్చబడినపుడు, సన్నగా కాగునపుడు, తెర్లునపుడు వేడి యెంతెంత యుండునో చూచి, ఒక్కొక్క వేడిలో తెల్లసొన యెట్లు గడ్డకట్టునో పరిశీలించిరి. గ్రుడ్డు ఉడికించుట ప్రపంచమున ఎల్లరెరిగిన పని. దానిలో ఇంత తెలియవలసినది కలదని తెలిసినవారు కొందరే.

ఏడేండ్లవారు ఆదిమానవుల గుహాజీవితమును, ఎనిమిదేండ్లవారు ఫినీషియా నావికులను, మార్కోపోలో, కొలంబసుల యాత్రలను, తరువాతివారు తమ దేశచరిత్రను ఇట్లే పనులతో కలిపి నేర్చిరి. పదుమూడేండ్ల పిల్లలకు చర్చాసభ జరుపుకొనుటకు చోటు లేకపోగా, చిన్నవారి సహాయము కూడ తీసికొని తామే ఒక చిన్న భవనమును నిర్మించుకొనిరి.

ఈ బడిని అందరును మెచ్చిరని తలపరాదు. పిల్లలను చదివింపక గరిటెలు త్రిప్పించుచున్నారని ఆక్షేపించినవారు కలరు. చదువుట, వ్రాయుట ఇతర బడులలోవలె తొందరపెట్టి నేర్పకపోవుటచే కొందరు తల్లిదండ్రులు కలవరపడిరి. ధనము చాలకపోవుట మరియొక బాధ. విశ్వవిద్యాలయమిచ్చు సహాయము స్వల్పము. జీతములు, మిత్రులిచ్చిన విరాళములే దిక్కు. 1899లో డ్యూయీ తల్లిదండ్రుల యెదుటను మిత్రుల యెదుటను మూడు ఉపన్యాసము లిచ్చి, తాము చేయుచున్నదేమో, ఎందుకో విప్పి చెప్పెను. అవి అదే సంవత్సరమున పాఠశాల-సమాజము అను గ్రంథముగా వెలువడి ఆయన కీర్తిని దేశాంతరములకు గొనిపోయెను. బడి పెరిగి పెరిగి, 1902 నాటికి పిల్లలు నూట నలువదిమంది, ఉపాధ్యాయులు ఇరువదిమందికి పైగా అయిరి.

పెరుగుటతోనే చిక్కులును పెరిగెను. విశ్వవిద్యాలయమున మరియొక ప్రాథమిక పాఠశాల వచ్చి చేరెను. 1903లో రెండింటిని ఒకటి చేసి ఆలిస్‌ను ప్రధానాధ్యాపికగా నియమించిరి. రెండవ బడి ఉపాధ్యాయులకు తమ యుద్యోగములు పోవునేమో అను భయము కలిగెను. ఆ భయమును నిరాధారమని త్రోసివేయలేము. అధ్యక్షుడగు హార్పర్ ఆమె నియామకము ఆ సంవత్సరమునకే పరిమితమని భావించెను. డ్యూయీ దంపతులకు ఆ సంగతి ముందుగా తెలియదు. 1904 వసంతమున ఇద్దరును తమ పదవులను వదలుకొనిరి. ఎనిమిదేండ్లు కన్నబిడ్డవలె పెంచిన బడి చేజారిపోయెను. ఆ పాఠశాల చికాగో విశ్వవిద్యాలయమున నేటికిని నడుచుచున్నది గాని, డ్యూయీ మరల అట్టి బడిని నడుపలేదు.

దురదృష్టము అంతటితో ఆగలేదు. ఆ యేటనే కుటుంబము ఐరోపాకు ప్రయాణము కట్టెను. త్రోవలో ఎనిమిదేండ్ల గోర్డన్‌కు సన్నిపాతజ్వరము తగిలి, ఐర్లండులో ఆ బాలుడు మరణించెను. మారిస్ పోయిన బాధ మానకముందే తగిలిన ఈ దెబ్బనుండి ఆలిస్ పూర్తిగా కోలుకొనలేకపోయెను. ఇటలీ చేరిన పిదప వారు సబీనో అను బాలుని చూచి, వానిని దత్తు తీసికొని, తమ బిడ్డలతో సమానముగా పెంచిరి.

1905 నుండి డ్యూయీ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము బోధించెను. బడి చేతిలో లేకున్నను బడి నేర్పిన పాఠములు ఆయన కలములో నిలిచెను. 1916లో ప్రజాస్వామ్యము-విద్య అను మహాగ్రంథమును ప్రకటించెను. ప్రజాస్వామ్యమనగా కేవలము ఒక పరిపాలనాపద్ధతి కాదనియు, జనులు కలిసి జీవించుచు అనుభవములను పంచుకొను విధానమనియు ఆయన అందు ప్రతిపాదించెను. ఒక బల్ల చుట్టును కూర్చుండి తాము వండినది పంచుకొనిన చికాగో బాలురు ఆ గ్రంథమున పేరులేకయే కనబడుదురు.

1919 మొదలు 1921 వరకు ఆయన చైనాలో నివసించి అనేక నగరములలో ఉపన్యసించెను. మన దేశమున 1937లో గాంధీజీ చేతిపని కేంద్రముగా మౌలిక విద్యను వార్ధాలో ప్రతిపాదించినపుడు, విద్యావేత్తలు పలువురు డ్యూయీని స్మరించిరి. గాంధీజీ ఆ నిర్ణయమునకు వచ్చినది తన ఆశ్రమముల అనుభవముచేతనే. ఇద్దరును వేర్వేరు దారుల నడచి ఒకే గుమ్మము చేరిరి.

డ్యూయీ పేరు చెప్పి నడచిన బడులన్నియు ఆయనకు నచ్చలేదు. కొన్ని బడులలో పిల్లల ఇష్టమే శాసనమయ్యెను. పని ఆటగా మారి, ఆట అల్లరిగా మారెను. 1938లో ఆయన అనుభవము-విద్య అను చిన్నపుస్తకము వ్రాసి ఈ పోకడను ఖండించెను. ప్రతి అనుభవమును విద్య కాదు. మరియొక మంచి అనుభవమునకు త్రోవ చూపునదియే విద్యయగును. ఆ త్రోవ నెరిగి నడిపించుట ఉపాధ్యాయుని బాధ్యత. పిండి కలిపినంతమాత్రమున పాఠము కాదు. ఆ పిండి ఏల పొంగెనో తెలిసికొనగోరు కుతూహలము కలుగవలెను.

ఇంతటి పండితుని నడవడి మిక్కిలి నిరాడంబరము. న్యూయార్కు చేరువనున్న లాంగ్ ఐలండులో ఆయనకు కొంత పొలముండెను. అచట కోళ్లు పెంచి, కూరగాయలు పండించి, ఇరుగుపొరుగుల కమ్మెడివాడు. ఒకనాడు పనివాడు రాకపోగా, డ్యూయీ తానే గ్రుడ్లబుట్ట చేతబట్టి ఒక ధనికుల యింటికి పోయెను. కొన్నాళ్లకు ఆ యింటి యిల్లాలు ఒక విందునకు పోయి, అచట ముఖ్యాతిథిగా కూర్చున్న మహాతత్త్వవేత్తను చూచి, తమ గ్రుడ్లు తెచ్చిన ముసలివాడే యని నివ్వెరపోయెనని ఈస్ట్‌మన్ చెప్పెను.

ఆలిస్ 1927లో మరణించెను. డ్యూయీ 1946లో, ఎనుబదియేడేండ్ల వయస్సున, రాబర్టా గ్రాంట్ అను ఆమెను వివాహమాడి, ఇద్దరు చిన్నపిల్లలను పెంచుకొనెను. ముదిమిలోను ఆ యింట పిల్లల సందడి తగ్గలేదు.

1913 నుండి 1916 వరకు కొలంబియాలో డ్యూయీ తరగతులలో కూర్చున్న విద్యార్థులలో భీమరావు అంబేద్కర్ ఒకడు. భారత రాజ్యాంగ రచనాసంఘమునకు అధ్యక్షుడై వాసికెక్కిన ఆయనకు కొలంబియా విశ్వవిద్యాలయము 1952 జూన్ 5వ తేదీన గౌరవ డాక్టరు పట్టము నీయ నిశ్చయించెను. గురువును మరల చూడవలెనను ఆశతో అంబేద్కర్ బయలుదేరెను. జూన్ 1వ తేదీన, తొంబదిరెండేండ్ల వయస్సున, డ్యూయీ న్యూయార్కులో కన్నుమూసెను. అంబేద్కర్ ప్రయాణము చేయుచున్న విమానము అప్పటికి రోమ్ నగరము చేరియుండెను. న్యూయార్కు చేరిన పిదప ఆయన భార్యకు వ్రాసిన లేఖలో గురుదర్శనము కాలేదని విచారించి, తన బుద్ధివికాసమంతయు ఆయన చలువయేయని తెలిపెను.